పాత ఇల్లు పడగొట్టకుండా ఉంచితే యజమానికి ఏమిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ లేఖల పేజీలో ఒకాయన రాశారు, మన విజయవాడ వన్‌టౌన్‌లో మిగిలిన పాత కట్టడాలన్నీ తీసేసి పార్కింగ్ కాంప్లెక్సులు కట్టాలని, అవన్నీ తెల్లోళ్ళ కాలం నాటివి కాబట్టి పోయినా మనకు నష్టమేమీ లేదని. పార్కింగ్ బాధ నాకూ తెలుసు, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బండి పెట్టుకునే చోటు దొరక్క తిట్టుకుంటూ తిరిగినవాణ్ణే. ఆ రెండో మాట దగ్గరే నాకు పేచీ. ఈ వాదన మీద ఐర్లాండ్ వాళ్ళు మనకన్నా ముందే బోలెడు కొట్టుకున్నారు, చాలా పోగొట్టుకున్నారు, కొంత తెలుసుకున్నారు. మా అమ్మాయి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది, దాని దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచి ఆ ఊరి కట్టడాల గొడవ దొరికింది దొరికినట్టు చదువుతున్నాను, అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

ముందు తెల్లోళ్ళ సంగతి. డబ్లిన్ నడిబొడ్డున జనరల్ పోస్టాఫీసు ఉంది, 1818లో బ్రిటిష్ హయాంలో కట్టింది. 1916 తిరుగుబాటులో ఐరిష్ వాళ్ళు దాన్నే పట్టుకుని, దాని ముందే నిలబడి మాది స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటన చదివారు. ఆ పోరాటంలో భవనం తగలబడి పోయింది, ముందు భాగం మిగిలింది. స్వతంత్రం వచ్చాక, చేతిలో పెద్దగా డబ్బు లేని ఆ కొత్త ప్రభుత్వం ఆ మొండి గోడని తీసి పారెయ్యలేదు, దాన్ని అలాగే ఉంచి వెనక కట్టుకొచ్చి 1929లో మళ్ళీ తెరిచింది. 1922 అంతర్యుద్ధంలో కాలిపోయిన ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాన్నీ అలాగే తిరిగి కట్టుకున్నారు. కట్టించింది పరాయివాళ్ళే, లోపల నడిచిన కథ మాత్రం వీళ్ళది.

మనకీ ఉంది కదా బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళయిందని 1887లో మొదలుపెట్టిన కట్టడం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీ గారి చేతికి జెండా ఇచ్చింది అక్కడేనని చెప్పుకుంటాం. ఇప్పుడది బాపు మ్యూజియం, బాగుచేసి తెరిచారు, నిజంగానే బాగుంది. రాణి పేరు ఉందని దాన్ని పడగొట్టి ఉంటే ఆ జెండా కథ ఏ గోడకి ఆనించి చెప్పేవాళ్ళం? గుంటూరు జిన్నా టవర్ పేరు మీద గొడవ లేచినప్పుడు కూడా 2022లో మూడు రంగులు వేసి సర్దేశారు, కట్టడం నిలిచింది. రంగు బాగుందా లేదా అంటే నా సమాధానం అచ్చులో వేసేది కాదు.

ఇక ఇళ్ళ సంగతి, అసలు గొడవంతా వీటి మీదే. డబ్లిన్‌లో జార్జియన్ ఇళ్ళు అంటారు, ఎక్కువ భాగం పద్దెనిమిదో శతాబ్దానివి. ఇటుక గోడలు, మూడు నాలుగు అంతస్తులు, పొడుగాటి కిటికీలు, గుమ్మం పైన విసనకర్ర ఆకారంలో గాజు కిటికీ, బయటికి ఇంకే ఆర్భాటమూ ఉండదు, లోపలికెళ్తే పైకప్పు మీద సున్నపు నగిషీ మెడ నొప్పెట్టేదాకా చూస్తాం. ఫిట్జ్‌విలియమ్ స్ట్రీట్‌లో ఇలాంటి ఇళ్ళు ఒకే వరసలో చాలా దూరం సాగేవి. 1960ల్లో వాళ్ళ ప్రభుత్వ కరెంటు బోర్డు ఆ వరస మధ్యలో 16 ఇళ్ళు కూలగొట్టి ఆఫీసు కట్టింది. జనం మొత్తుకున్నా ఆగలేదు. నూటయాభై ఏళ్ళు దాటిన ఇళ్ళ జాగాలో కట్టిన ఆ ఆఫీసు యాభై ఏళ్ళు కూడా నిలవలేదు, దాన్నీ పడగొట్టి ఈమధ్య వీధి వరసకి తగ్గట్టు మళ్ళీ ఇటుకతో కట్టారు. ఆ కొత్తదాన్ని డిజైన్ చేసినవాళ్ళలో గ్రాఫ్టన్ ఆర్కిటెక్ట్స్ ఉన్నారు, ఆ సంస్థ నడిపే ఇద్దరు ఆడవాళ్ళు, ఇవాన్ ఫారెల్, షెల్లీ మెక్‌నమారా, 2020లో ఆర్కిటెక్చర్‌కి నోబెల్ లాంటిదనే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. అంటే పాతదాన్ని కాపాడమనేవాళ్ళు కొత్తది కట్టడం చేతకానివాళ్ళు అనుకోనక్కర్లేదు.

అప్పట్లో వాళ్ళ మంత్రి కెవిన్ బోలాండ్, మన లెక్కలో మున్సిపల్ మంత్రి, 1970లో పార్లమెంటులోనే ఎగతాళి చేశాడు, ఈ ఇళ్ళ కోసం ఏడ్చేవాళ్ళంతా ప్రభువుల బాపతని. మీ పేజీలో రాసినాయన మాట కూడా ఇంచుమించు అదే కదా. దానికి జవాబు కూడా ఆ ఊళ్ళోనే ఉంది. హెన్రియెట్టా స్ట్రీట్‌లో 14 నంబరు ఇల్లు దొరల కోసం కట్టిందే, కానీ తర్వాత దొరలు వెళ్ళిపోయి గది గదికీ ఒక కుటుంబం చేరింది, 1911 జనాభా లెక్కల్లో ఆ ఒక్క ఇంట్లో 100 మంది. 2018లో దాన్ని మ్యూజియం చేసినప్పుడు దొరల వైభవంతో పాటు ఆ అద్దె జనం వంటల మసి, గోడల మీద రంగుల పొరలు, అన్నీ ఉంచారు. నాకు బాగా నచ్చింది అదే. టెంపుల్ బార్ అని ఇంకో పేట ఉంది, బస్టాండు కట్టాలని రవాణా సంస్థ ఇళ్ళు కొని, కట్టేలోపు చవగ్గా అద్దెలకిస్తే బొమ్మలు వేసేవాళ్ళు, పాటలవాళ్ళు చేరి పేట బతికింది, చివరికి బస్టాండు ఆలోచనే మానుకున్నారు. ఇప్పుడు అక్కడ బార్లూ టూరిస్టులూ తప్ప ఏమీ కనపడవు, నాకైతే నచ్చలేదు.

వాళ్ళని ఆకాశానికి ఎత్తేస్తున్నానని అనుకోకండి. వుడ్ కీ అనే చోట వెయ్యేళ్ళ నాటి, వైకింగ్‌లనే స్కాండినేవియా నావికుల ఊరు తవ్వకాల్లో బయటపడింది, 1978లో దాదాపు ఇరవై వేల మంది రోడ్డెక్కి కాపాడమన్నారు, హైకోర్టు జాతీయ కట్టడం అంది, అయినా దాని మీద కట్టింది ఏమిటో తెలుసా, కార్పొరేషన్ ఆఫీసు! అలాగే 1999 జూన్‌లో సెలవు రోజులు చూసుకుని ఆర్చర్స్ గ్యారేజ్ అనే 1940ల నాటి కట్టడాన్ని అనుమతి లేకుండా పడగొట్టేశారు. శనివారం రాత్రి జేసీబీ దిగడం, సోమవారం కోర్టు తెరిచేసరికి నేల చదును కావడం మనకీ తెలియని విద్య కాదు. తేడా ఏంటంటే, అక్కడ పడగొట్టినవాళ్ళ చేతే మళ్ళీ ఉన్నదున్నట్టు కట్టించారు. నకలే కావచ్చు, కానీ ఆ ఖర్చు చూశాక ఇంకొకడు చెయ్యి వేసే ముందు ఆలోచిస్తాడు.

ఈ దెబ్బలన్నీ తిన్నాకే 2000 నుంచి అక్కడ గట్టి చట్టం అమల్లోకి వచ్చింది. ప్రతి స్థానిక సంస్థా తన పరిధిలో కాపాడాల్సిన కట్టడాల జాబితా పెట్టాలి. గుళ్ళూ కోటలే కాదు, మామూలు ఇళ్ళు, దుకాణాలు కూడా అందులో ఉంటాయి. బయటి గోడే కాదు, లోపలి మెట్లు, తలుపులు కూడా రక్షణలోకే వస్తాయి. యజమాని దాన్ని పాడుబెట్టకూడదు. అదే సమయంలో, మా ఇంట్లో ఏ పనులకి పర్మిషన్ అక్కర్లేదో చెప్పండి అని యజమాని కాగితం పెడితే 12 వారాల్లో కౌన్సిల్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఈ చివరి ముక్క మన టౌన్ ప్లానింగ్ వాళ్ళకి చదివి వినిపించాలి.

మన దగ్గర ఉన్నదేంటి? ఉండవల్లి గుహల్లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, వాటి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్తగా కట్టకూడదు, సరే. మరి వన్‌టౌన్‌లో మండువా లోగిళ్ళు, గుంటూరు కొత్తపేటలో, బ్రాడీపేటలో అరుగులూ స్తంభాలూ ఉన్న పెంకుటిళ్ళు, ఇవి ఎవరి లెక్కలో ఉన్నాయి? పాత కలప కొనే షాపుల వాళ్ళ లెక్కలో తప్ప ఎక్కడా లేవు. ఏ వీధిలో ఎన్ని టేకు దూలాలున్నాయో వాళ్ళకి నోటికి వచ్చు.

కానీ ఇళ్ళు అమ్ముకునేవాళ్ళని తిట్టే హక్కు ఎవరికీ లేదు. శివాలయం వీధి దగ్గర మా తాతగారు కట్టించిన ఇల్లు ఉంది, వాటాదారులం చాలామందిమి. వానాకాలం వస్తే టెన్షన్, కారే చోటు ఏటేటా మారుతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడు, దొరికినవాడు సిమెంటు పూత పూస్తానంటాడు, అది పూస్తే లోపలి తేమ బయటికి పోక గోడ ఇంకా చెడుతుంది. ఇంకోవైపు డెవలప్‌మెంట్‌కి ఇవ్వండి, తలా ఒక ఫ్లాట్ అని బిల్డర్ ఫోన్. మా తమ్ముడు వదులుకోలేకపోతున్నాడు, వాడిది తప్పని నేనెలా అంటాను? పిల్ల పెళ్ళికి ఉంది. వారసత్వం అని మైకులో చెప్పే పెద్దమనుషులెవరూ మా పైకప్పుకి ఒక బస్తా సున్నం ఇవ్వరు.

ఐర్లాండ్‌లో ఇప్పుడు ఇళ్ళ కరువు, అయినా ఊళ్ళ మధ్య ఖాళీ ఇళ్ళు. అందుకని 2022లో ఒక పథకం పెట్టారు, 2023 నుంచి ఖాళీగా పడున్న ఇల్లు బాగుచేసుకుని ఉంటే 50,000 యూరోల దాకా, శిథిలమైనదైతే 70,000 దాకా ప్రభుత్వమే ఇస్తోంది. పాడుబెట్టి కూర్చుంటే ఏటా మార్కెట్ విలువలో 7 శాతం పన్ను. వసూళ్ళు అంతంతమాత్రమే అంటారు, అయినా ఇచ్చేదీ ఉంది, పట్టుకునేదీ ఉంది. అంత డబ్బు మనం ఇవ్వలేం, ఒప్పుకుంటాను. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ బాండ్లు, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు కాగితాలు ఇస్తున్నారు కదా, పాత ఇల్లు ఉంచుకున్నవాడికి కూడా, పైన వేసుకోకుండా వదులుకున్న అంతస్తులకి లెక్కగట్టి అలాంటి బాండే ఇవ్వొచ్చు. బాండ్ల మీద ఎన్ని ఆరోపణలు వచ్చాయో చూశాం, అందుకే ఇచ్చిన ప్రతి బాండూ వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాంతోపాటు ఆస్తి పన్నులో తగ్గింపు ఇస్తే సగం మంది ఆగుతారు.

అంతస్తులు కావాలంటే నది అవతల అమరావతి ఉంది, 33,000 ఎకరాలకు పైగా రైతులిచ్చిన భూమి, ఎంత ఎత్తు కావాలంటే అంత కట్టుకోండి. ఆ రాజధానికి పేరిచ్చిన పాత అమరావతి ఊళ్ళో బౌద్ధ స్తూపం రాళ్ళని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇళ్ళూ కట్టడాల కోసం తవ్వుకుపోయారు, బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా పోయింది, మిగిలినదాంట్లో మంచివి లండన్‌లోనూ మద్రాసులోనూ ఉన్నాయి. అంతంత దూరం టికెట్ కొని వెళ్ళి చూస్తున్నాం.

కార్పొరేషన్ వాళ్ళు ముందు జాబితా మొదలుపెడితే చాలు, ఒక్క వన్‌టౌన్‌కే అయినా. మనుషుల్లేరు అనే సాకు కుదరదు, విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, ఆ పిల్లల చేత ఒక సెమిస్టర్ కొలతలు తీయిస్తే సరిపోతుంది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా తలుపు తీస్తాం. నిచ్చెన మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి, మా దానికి రెండు మెట్లు విరిగాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వన్‌టౌన్, విజయవాడ