జీఎంసీ ట్రక్కు లింకేజీల పని: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన పాత వాహనాల సంఘం చేసిన పనుల వివరాలివి. జీపుకి రంగులు వేయడం పూర్తయింది. దసరాకి షెడ్డులో ఆయుధపూజ ఎప్పటిలాగే చేసుకున్నాం. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. మిగతాదంతా మన జీఎంసీ గురించే. ఏడాది పొడవునా మన ఆదివారాలు దాని కిందే గడిచాయి మరి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి సీసీకేడబ్ల్యూ రకం, రెండున్నర టన్నుల బండి. 1941, 1945 మధ్య అమెరికాలో ఇలాంటివి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన ఊరు మన విశాఖ. ఆ రోజుల నాటి బండి ఒక్కటైనా ఈ ఊళ్లో సొంత ఇంజనుతో తిరగాలన్నది మొదటి నుంచీ మన కోరిక.

దీని మెయిన్ గేర్ లివర్ నేరుగా గేర్‌బాక్సు మీదే ఉంటుంది కాబట్టి దాంతో పేచీ లేదు. గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం వెనకాల విడిగా ఉంటుంది. క్యాబిన్‌లోని హై-లో లివరు (మామూలు రోడ్డుకి హై, నిటారు కొండలకి లో), ముందు ఇరుసు లివరు రాడ్లతో దానికి కలుస్తాయి. లింకేజీలంటే ఈ రాడ్లూ, వాటి జాయింట్లే. రాడ్డు చివర పంగలా ఉండే యోకు, యోకులో పిన్ను. అరిగేది అక్కడే.

వర్షాలు మొదలవకముందు సింహాచలం కొండ దిగుతుంటే హై-లో లివరు దానంతటదే లో నుంచి న్యూట్రల్‌లోకి జారిపోయింది. ఇంజను పట్టు ఒక్కసారిగా పోయి బండి వేగం అందుకుంది. బ్రేకులు ఆపాయి కాబట్టి బతికిపోయాం. చక్రాల కింద రాళ్లు పెట్టి రోడ్డు పక్కన కూర్చున్నాక కూడా డ్రైవింగు సీట్లో ఉన్న సభ్యుడి చేతుల వణుకు ఆగలేదు. ఆ టెన్షన్ ఇంకోసారి ఎవరికీ రాకూడదనే ఈ పని ఇంత పట్టుగా చేశాం.

అంతకుముందు బయట ఒక వర్క్‌షాపులో చూపిస్తే, యోకు నాలుగు చుట్లు తిప్పి రాడ్డు పొడవు తగ్గించి ఇచ్చారు. లివరు కొన్నాళ్లు గట్టిగానే అనిపించింది. కానీ అరిగిన పిన్ను అరిగినట్టే ఉంది. పైగా పొడవు మారడంతో, లోపల గేరు పూర్తిగా పడకముందే లివరు ఫ్లోర్ ప్లేటు అంచుకి తగిలి ఆగిపోతోంది. సగం పళ్లే పట్టుకున్న గేరు దిగుడులో నిలుస్తుందా?

పిన్నులు తీసి గుడ్డ మీద వరసగా పెట్టి చూశాం. ఒక్కొక్కటి నడుము దగ్గర సన్నబడి, వేలితో తడిమితే మెట్టులా తగిలింది. యోకు కన్నాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు, ఆ తుప్పు మీద దుమ్ము, రెండూ కలిసి ఆకురాయిలా అరగదీశాయి. ఒక్కో జాయింటులో వదులు కొంచెమే. అన్నీ కలిసి లివరు తలకాయ దగ్గరికి వచ్చేసరికి బెత్తెడైంది.

ఆటోనగర్‌లో లేతు మీద కొత్త పిన్నులు, గన్‌మెటల్ బుష్‌లు చేయించాం. కన్నాలని రీమర్‌తో గుండ్రంగా తొలిచి బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు) దించాం. పొడవు జోలికి వెళ్లింది ఆ తర్వాతే. రాడ్డు విప్పేసి, ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరే చేత్తో లో గేరు వేశాం. గేరుని నిలిపి ఉంచే లోపలి గోళీ గాడిలో పడి టక్కుమన్నాక, క్యాబిన్‌లో లివరుకి ప్లేటు అంచుతో ఖాళీ ఉండేలా పట్టుకుని, పిన్ను సుత్తి అక్కర్లేకుండా వేళ్లతో దూరేదాకా యోకు తిప్పాం. హై గేరులో కూడా అలాగే సరిచూసి లాక్‌నట్టు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాం.

యాక్సిలరేటరుదీ ఇదే జబ్బు. పెడల్ అడుగుదాకా తొక్కినా కార్బురేటరు పూర్తిగా తెరుచుకునేది కాదు, వదిలితే వెంటనే మూసుకునేది కాదు. పెడల్ షాఫ్టు తుప్పు గీకి, బుష్‌లు మార్చాం. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఒకరు బానెట్ లోపల చూస్తూ, రెండూ ఒకేసారి చివరికి వచ్చేలా రాడ్డు కుదిర్చాం. పెడల్ ముందే చివరికొస్తే పికప్ రాదు. కార్బురేటరు ముందే ఆగిపోతే కాలి బలమంతా రాడ్డు మీద పడి వంగిపోతుంది. ఇంతకాలం పెడల్ వైపే ఉన్న రిటర్న్ స్ప్రింగుని కార్బురేటరు లివరుకి మార్చాం. మధ్యలో రాడ్డు ఊడినా ఇంజను రేజ్ అవకుండా స్లోకి వచ్చేస్తుంది. నా దృష్టిలో ఈ ఏడాది చేసిన అన్ని పనుల్లోకీ ఇదే ముఖ్యమైనది.

సంక్రాంతి వెళ్లాక అదే కొండ మళ్లీ ఎక్కి దిగాం. దిగినంతసేపూ లివరు మీద ఎవరూ చెయ్యి వేయలేదు, అది కదల్లేదు.

ఇకనుంచి నెలకొక ఆదివారం జాయింట్లన్నిటికీ గ్రీజు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. వంతుల జాబితా షెడ్డు తలుపు మీద అంటించాం. తమ వంతు ఆదివారం రాలేనివాళ్లు రెండు రోజుల ముందే నాకు చెప్పాలి.

ఇట్లు,
కార్యదర్శి