అమ్మలూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను

శ్రీకాకుళం,
మంగళవారం రాత్రి

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. "వాళ్ళు చూడ్డానికి వచ్చేలోపు పార్లర్‌కి వెళ్ళి తలకి రంగు వేయించుకో, పాపిట దగ్గర మరీ తెల్లగా కనిపిస్తోంది" అన్నాను. నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరేలే అమ్మా" అని పెట్టేశావు. ఆ "సరేలే" రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. మళ్ళీ ఫోన్ చేస్తే తొందరలో ఇంకేదో అనేస్తానని కాగితం తీసుకున్నాను. పొద్దున్నే నాన్న ఫొటోలు తీసి నీకు వాట్సాప్‌లో పెడతారు.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో తెలియాలంటే నా పెళ్ళిచూపుల దగ్గర్నించి చెప్పాలి. ఇందులో కొంత నీకు తెలుసు, చాలా తెలీదు.

నాకు ఇరవై ఒకటో ఏటే చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. మా నాన్నకీ అంతే, మా మేనత్తకీ అంతే. బాలనెరుపు అనేవారు. మీ అమ్మమ్మ పొందూరు ఇంటి వసారాలో కూర్చుని పత్తి దువ్వడం నువ్వు చిన్నప్పుడు చూశావు కదా. వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, ఆ సన్నటి పళ్ళతో ఒక్కొక్క గింజ చుట్టూ ఉన్న దూదిని సాపు చేసేది. నలక ఒక్కటి మిగలకూడదు. ఆ పని చేసి లేచేసరికి ఆమె తల మీదా భుజాల మీదా పత్తి నూగు ఉండేది. ఏది నూగో, ఏది నెరిసిన వెంట్రుకో తెలిసేది కాదు. ఆమె తన తలకి ఎప్పుడూ ఏ రంగూ పూసుకోలేదు. నా తలకి మాత్రం పూసింది.

1998లో మీ నాన్నవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు రాత్రి పెరటి తలుపు గడియ వేసి, పొడి రంగు గిన్నెలో కలిపి, పాత పళ్ళబ్రష్‌తో పాయ పాయకీ పూసింది. పక్కింటివాళ్ళకి తెలుస్తుందని వెలుగు కూడా తగ్గించింది. నుదుటి మీదా చెవుల మీదా నల్లగా అంటుకుంటే కొబ్బరినూనె రాసి, ఎర్రగా కందేదాకా రుద్దింది. "ఎవరితోనూ అనకే గుంటా" అంది. అన్నాను కాదు. పెళ్ళయిపోయింది.

తర్వాత ఎనిమిది నెలలు ఎలా గడిపానో ఇప్పుడు తల్చుకుంటే జాలేస్తుంది. ఇరవై రోజులకోసారి ప్యాకెట్ కొనాలి, ఎవరూ ఇంట్లో లేని గంట చూసుకోవాలి, ఖాళీ ప్యాకెట్ మడిచి బ్లౌజు గుడ్డల మధ్య దాచి, బజారుకి వెళ్ళినప్పుడు పారేయాలి. కొత్త కోడలికి ఒంటరిగా గంట ఎక్కడ దొరుకుతుంది?

1999 రథసప్తమి నాడు బయటపడింది. అరసవల్లి దర్శనానికి ముందు పెరట్లో స్నానాలు. నెత్తిమీద జిల్లేడాకులు పెట్టి మీ నానమ్మే స్వయంగా చెంబుతో నీళ్ళు పోసింది. ముందురోజు రాత్రి హడావుడిగా రంగు వేసుకుని సరిగ్గా కడగలేదు. నల్లటి నీళ్ళు చెంపల మీదుగా కారి, పసుపు రాసుకున్న మెడ మీదకి దిగాయి. ఆమె చెంబు ఆపలేదు. ఏడు చెంబులూ పోసింది. సాయంత్రం మాత్రం వంటింట్లో అంది: "నెరిస్తే నెరిసిందే. మీ అమ్మ ముందే ఒక మాట సెప్పాల కదేటి."

ఆ ఒక్క మాట అలా చాలా ఏళ్ళు నడిచింది. ఏ చిన్న తేడా వచ్చినా "వాళ్ళు దాచే రకం" అనేది. నేను పాలలో నీళ్ళు ఎక్కువ పోశానన్నా అదే, మా పుట్టింటి నుంచి సారె ఆలస్యమైనా అదే. నెరిసిన జుట్టు గురించి మాత్రం ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. మీ నాన్నకి పెళ్ళయిన రెండో నెలలోనే తెలుసట. తలగడ గలీబు మీద మరక చూశారట. నేనే చెప్తానని ఊరుకున్నారట. నేను చెప్పలేదు.

సరే, తెలిసిపోయింది కదా, మానేసి ఉండొచ్చు. మానలేదు. ఇంట్లో తెలిసింది కాబట్టి ఇక బయట తెలియకూడదు. ఇద్దరు దాచే విషయం నలుగురు దాచే విషయమైంది. నువ్వు పుట్టినప్పుడు పురిటి మంచం మీద నాకు కలిగిన పెద్ద సంతోషం ఒకటి చెప్తాను, నీకు బాధ కలుగుతుందేమో కూడా. బాలింతకి చలిగాలి తగలకూడదని తలకీ చెవులకీ గుడ్డ కట్టారు. నలభై రోజులు పాపిట ఎవరికీ కనబడదని నాకెంత నిమ్మళంగా అనిపించిందో! నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు నీ మొహం చూస్తుంటే, నేను గుడ్డ జారిందా అని తడుముకునేదాన్ని.

2016లో ఏమైందో నీకు తెలుసు, అప్పుడు టెన్త్‌లో ఉన్నావు. అదే ప్యాకెట్, ఎప్పటిలాగే వేసుకున్నాను. రాత్రికి మాడు దురద. పొద్దున్నకి కళ్ళు తెరుచుకోలేదు, రెప్పలు రెండూ ఉబ్బిపోయాయి. చర్మం డాక్టరుగారు చూడగానే అడిగారు, తలకి రంగు వేశారా అని. నల్లరంగుల్లో చాలావాటిలో పారాఫినైలీన్ డయమీన్ ఉంటుంది, పీపీడీ అంటారు. ఏళ్ళ తరబడి పడినదే ఒకరోజు పడకుండా పోవచ్చు. ఒకసారి ఒంటికి సరిపడకుండా పోతే ఇక జీవితాంతం అంతే, చిటికెడు తగిలినా మళ్ళీ వస్తుందన్నారు. పద్ధెనిమిదేళ్ళుగా ఆ డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసింది నేను ఒక్కసారీ చదవలేదు. జీవశాస్త్రం చెప్పే టీచర్ని! ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు గోరింటాకు, నీలి ఆకు పొడి. ఒకరోజు గోరింటాకు పెట్టి కడిగితే తల నిప్పురంగు. దాని మీద నీలి ఆకు పొడి అప్పటికప్పుడు కలిపి పట్టిస్తే నలుపు. ఆదివారాలన్నీ దానికే సరిపోయేవి. ఒకసారి ఒక దుకాణంలో "నల్ల గోరింటాకు" అని ఇస్తే తెచ్చుకున్నాను, మళ్ళీ దురద. గోరింటాకు సహజంగా ఇచ్చేది ఎర్రరంగే. దానంతటదే నల్లగా పండుతోందంటే అందులో ఇంకేదో కలిసిందని, చాలాసార్లు అది ఆ పీపీడీయేనని అప్పుడు తెలిసింది. పెళ్ళిళ్ళలో పెట్టే నల్ల కోన్లతో కూడా జాగ్రత్త.

2020లో అన్నీ మూసేశారు. బడి లేదు, నీలి ఆకు పొడి లేదు. అమ్మమ్మని పొందూరు నుంచి తెచ్చుకున్నాం. రోజూ మధ్యాహ్నం మేడ మీద ఒకరి తల ఒకరం దువ్వుకునేవాళ్ళం. జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకి నా పాపిటకి రెండువైపులా తెల్లటి అంచు వచ్చింది. ఒకరోజు దువ్వుతూ దువ్వుతూ అమ్మమ్మ ఆగిపోయింది. "ఆ రాత్రి నీ తలకి పూసినప్పుడు నా సేతులు వణికినాయే. ఆళ్ళకి తెలిస్తే నిన్ను పంపేస్తారేమో అని, నీ కడుపున కాయ కాసేదాకా నాకు కునుకు లేదు" అంది. ఇరవై రెండేళ్ళు ఆమె ఆ మాట నాకు చెప్పలేదు. నేను ఒక్కదాన్నే మోశాననుకున్నాను, ఆమె కూడా మోసింది. ఇంకో రెండేళ్ళకి ఆమె పోయింది. ఆ మధ్యాహ్నం తర్వాత నేను మళ్ళీ రంగు ముట్టుకోలేదు.

బళ్ళు తెరిచాక నా జడకి రెండు రంగులు. పైన తెలుపు, కింద ఎర్రటి నలుపు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడి అడిగేసింది, "మేడం, మీ జడ అలా ఎందుకుంది?" అని. క్లాసంతా నిశ్శబ్దం. ఆ రోజు పాఠం పక్కనపెట్టి బోర్డు మీద వెంట్రుక బొమ్మ గీశాను. రంగు తయారయ్యేది కుదురులో. అక్కడి కణాలు మెలనిన్ ఇవ్వడం మానేస్తే వచ్చే వెంట్రుక తెల్లగానే వస్తుంది, బయటికొచ్చిన వెంట్రుకకి ఏ నూనె రాసినా నల్లబడదు. ఒకటి పీకితే పది వస్తాయన్నది నిజం కాదు, కానీ పీకగా పీకగా కుదురు దెబ్బతిని అక్కడ జుట్టే రాకపోవచ్చు. ఇది నీకూ చెప్తున్నాను, అద్దం ముందు నిలబడి పీకుతున్నావని మీ పిన్ని చెప్పింది. మానెయ్.

ఇంత జరిగిన నేను, ఆదివారం నీతో అదే మాట అన్నాను. అబ్బాయి ఫొటో వచ్చినప్పుడు ముందువైపు జుట్టు పలచగా ఉందని చూశాను. ఉంటే ఏమైంది అనుకున్నాను, రెండోసారి ఆలోచించలేదు. నీ ఫొటో పంపాల్సి వచ్చేసరికి మాత్రం నీ పాపిట దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. మీ నాన్నకి నలభైకే తలంతా నెరిస్తే "హెడ్మాస్టరు కళ వచ్చింది" అన్నారు అందరూ, నేను కూడా. నా కూతురి విషయంలో అలా ఎందుకు చూడలేకపోయానో తల్చుకుంటే సిగ్గుగా ఉంది అమ్మలూ. క్షమించు.

రంగు తప్పని నేననను. మీ పిన్ని నెలనెలా పార్లర్‌లో కూర్చుని వేయించుకుంటుంది, ఎవరడిగినా "వేయించుకున్నాను, బావుందా?" అంటుంది. ఆమెకి అది పండగ. మా స్కూల్లో ఒక మేడం భర్త పోయిన ఏడాదికి మళ్ళీ రంగు వేసుకుని వచ్చారు. ఆ రోజు ఆవిడ నడకే మారింది, చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నీకు నల్లజుట్టు ఇష్టమైతే వేసుకో. గోధుమరంగు ఇష్టమైతే అదీ వేసుకో. నా పెళ్ళిచూపుల ముందురోజు రాత్రిలాగా మాత్రం మొదలుపెట్టకు. నేను ఇరవై రెండేళ్ళు ఖర్చుపెట్టింది రంగు మీద కాదు, దాన్ని దాచడం మీద.

వేసుకునేటట్టయితే ఇవి తప్పకుండా చెయ్యి. చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి నలభై ఎనిమిది గంటలు ఆగి చూడు. ప్రతిసారీ చూడు, పోయినసారి పడింది కదా అని వదిలెయ్యకు. నా ఒంటికి పడలేదు కాబట్టి నీ విషయంలో నాకు మరీ భయం. డబ్బా మీద "అమ్మోనియా లేదు" అనో "హెర్బల్" అనో ఉంటే పీపీడీ కూడా లేదని కాదు, వెనక రాసింది చదువు. చేతులకి గ్లోవ్స్ వేసుకో, చెప్పిన టైమ్ కంటే ఎక్కువ ఉంచకు, కనుబొమ్మలకి అసలే వద్దు.

ఇంకోటి. ఇది మా వంశం నుంచే వచ్చి ఉంటుంది, అయినా ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా చిన్న వయసులో తల నెరుస్తుంది. ఆ పీజీలో నువ్వు తినేది చూస్తే గుడ్డు, చేప, పెరుగు వారానికి ఎన్నిసార్లు దొరుకుతున్నాయో నాకు అనుమానమే. బీ12 తగ్గి ఉంటే మందుతో సరిచేసుకోవచ్చు. జుట్టు కోసమే కాదు, నీరసం అంటున్నావు కదా ఈ మధ్య.

ఇప్పుడు వాళ్ళ సంగతి. నాన్నా నేనూ మాట్లాడుకున్నాం. నువ్వు సరే అంటే, మధ్యవర్తికి నాన్న ఫోన్ చేసి "అమ్మాయికి కొంచెం తల నెరిసింది, మా ఇంటి తరహా అది" అని ఉన్నమాట ముందే చెప్తారు. నువ్వు వద్దంటే చెప్పం. నీ తల గురించిన మాట, నువ్వే చెప్పుకోవాలనుకుంటే ఆ అబ్బాయితో నువ్వే చెప్పుకో. ఈలోగా రంగు వేసుకుని వచ్చినా, వేసుకోకుండా వచ్చినా నేను ఒక్క మాట అనను. వాళ్ళు వచ్చేది ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం, కాబట్టి ఆలోచించుకోవడానికి నీకు టైమ్ ఉంది.

నువ్వు మాత్రం శనివారానికే రా. ఏ బండికి ఆమదాలవలసలో దిగుతావో చెప్తే నాన్న స్టేషన్‌కి వస్తారు. మేడ మీద కూర్చుని నీ తల దువ్వి చాలాకాలమైంది. పరీక్ష రిపోర్టు మర్చిపోకుండా తీసుకురా.

మీ అమ్మ