డిస్క్ ఎన్‌క్రిప్షన్ తీసివేయమని అడుగుతున్న మా ఖాతాదారులకు

మా దుకాణంలో ల్యాప్‌టాప్ కొన్నవారికీ, మరమ్మతుకు ఇచ్చేవారికీ నమస్కారం. 2024 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసుకుని మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని గూఢలిపిగా మార్చి ఉంచే ఏర్పాటు, దానంతటదే మొదలవుతుంది. దానివల్ల ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుందని ఎవరో చెప్పగా విని, తీసివేయమని బరంపురం వారే కాక పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చేవారు కూడా మమ్మల్ని అడుగుతున్నారు. ఇకమీదట అడిగిన వెంటనే తీసివేయకుండా, ముందుగా ల్యాప్‌టాప్‌ను పరీక్షించి, అది మందగించడానికి అసలు కారణమేమిటో మీ ఎదుటే చూపించాలని నిర్ణయించుకున్నాము.

ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్‌లో సమాచారం రాసేటప్పుడు గూఢలిపిగా మారుతుంది, చదివేటప్పుడు మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. ఈ లెక్కంతా ప్రాసెసరే చేయాలి కనుక దానికి పని పెరిగిన మాట నిజమే. అయితే ఏఈఎస్ అనే ఈ గూఢలిపి లెక్క కోసమే ఇంటెల్ 2010 నుంచి తన ప్రాసెసర్లలో ప్రత్యేక ఆదేశాలను చేరుస్తూ వచ్చింది. ఆ తరువాత ఏఎండీ కూడా అదే దారి పట్టింది. వాటి సాయంతో నేటి ప్రాసెసర్‌లో ఒక్క కోర్ కూడా సెకనుకు గిగాబైటుకు మించిన సమాచారాన్ని మార్చగలదు. తిరిగే భాగాలు లేని కొత్త తరహా డిస్క్ అయిన ఎస్ఎస్‌డీలలో సాటా రకం వేగం సెకనుకు దాదాపు 550 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ అయితే 100 మెగాబైట్ల ప్రాంతంలోనే ఉంటుంది. అంటే ఆలస్యం డిస్క్ దగ్గరే జరుగుతోంది తప్ప గూఢలిపి దగ్గర కాదు.

తేడా తెలిసే సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం మాకు ఇష్టం లేదు. రెండో తరం కోర్ ఐ3, అంతకంటే పాతదైన కోర్ 2 డ్యూయో వంటి ప్రాసెసర్లలో ఆ ప్రత్యేక ఆదేశాలు లేవు కనుక వాటి మీద భారం స్పష్టంగా కనిపిస్తుంది. మరో చివర, సాటా కంటే చాలా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీల మీద చిన్న చిన్న ముక్కలుగా రాసే పనిని కొలిస్తే పరీక్షలలో గణనీయమైన తగ్గుదలే కనిపిస్తుంది. పెద్ద డేటాబేస్‌లు నడిపేవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి; ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లతో గడిచే రోజులో మాత్రం అది చేతికి తెలియదు. మొదటిసారి డిస్క్ మొత్తాన్ని మార్చే గంటలలో కూడా ల్యాప్‌టాప్ బరువుగా నడుస్తుంది, ఆ పూట చూసినదానిని బట్టి చాలామంది తీర్పు చెప్పేస్తున్నారు. ఆ మధ్యలో కరెంటు పోయినా, ఎన్‌క్రిప్షన్ చేసే విండోస్ సాధనం బిట్‌లాకర్ ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది.

ఇటీవల ఒక పట్టుచీరల వ్యాపారి, ట్యాలీ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోందని, ఎన్‌క్రిప్షన్ తీసివేయమని ల్యాప్‌టాప్ తెచ్చారు. ఏ భాగం మీద ఎంత భారం ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది, డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర నిలిచిపోయింది. లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్, పైగా రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడుస్తున్నాయి. ఒక యాంటీవైరస్ తీసివేసి, ఎస్ఎస్‌డీ బిగించి, ఎన్‌క్రిప్షన్‌ను అలాగే ఉంచి ఇచ్చాము. ఇప్పుడు ఆయన ట్యాలీ వెంటనే తెరుచుకుంటోంది.

మేము ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే మీ ఫైళ్లను కాపాడదు. రైలులో పోయిన ల్యాప్‌టాప్ నుంచి డిస్క్ విప్పి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఎన్‌క్రిప్షన్ లేని పక్షంలో అందులోని ప్రతి ఫైలూ తెరుచుకుంటుంది. పన్ను రిటర్నులు వేసేవారి ల్యాప్‌టాప్‌లో ఎందరి ఆధార్, పాన్ ప్రతులు ఉంటాయో ఆలోచించండి.

ఎన్‌క్రిప్షన్‌కు మీరు నిజంగా చెల్లించే మూల్యం రికవరీ కీ భద్రత. అది ఎన్‌క్రిప్షన్ తాళాన్ని తీసే 48 అంకెల సంఖ్య. మామూలు రోజులలో తాళాన్ని మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్ తీస్తుంది కనుక ఆ సంఖ్య అవసరమే రాదు. మదర్‌బోర్డు మార్చినప్పుడు తప్పనిసరిగా, బయోస్ (ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) అప్‌డేట్ తరువాత ఒక్కోసారి, విండోస్ దానిని అడుగుతుంది. 2013లో ఫైలిన్ తుఫానును, 2018లో తిత్లీ తుఫానును చూసిన ప్రాంతం మనది. నీటిలో తడిసి బోర్డు పోయిన ల్యాప్‌టాప్ నుంచి డిస్క్ తీసి ఫైళ్లను కాపాడాలన్నా ఆ కీ ఉండాలి. కీ లేకపోతే మేమే కాదు, ఎంత పెద్ద కంపెనీ అయినా ఆ ఫైళ్లను తెరవలేదు. ఈ విషయంలో ఎవరైనా డబ్బు తీసుకుని హామీ ఇస్తే దయచేసి నమ్మవద్దు.

అందుచేత మదర్‌బోర్డు పనికి ల్యాప్‌టాప్ ఇచ్చేవారు కీ తమ వద్ద ఉందని ముందుగా నిర్ధారించుకుని రావలసిందిగా కోరుతున్నాము. మీ మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే అది కనిపిస్తుంది; ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అక్కడి ఐటీ విభాగాన్ని అడగండి. కీని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ సంచిలో కాక, ఇంట్లో దస్తావేజులు పెట్టే చోట ఉంచండి. దాని ప్రతిని మా దుకాణంలో ఉంచుకోము. కౌంటర్ దగ్గర ప్రింటు తీసి ఇవ్వడానికీ, వేగం పరీక్షించడానికీ రుసుము లేదు. వచ్చేటప్పుడు ఛార్జరు కూడా తీసుకురండి.