ఆడ యోధులకీ అసలైన కవచం ఇవ్వాలి
ఫాంటసీ వీడియో గేముల్లో ఆడ క్యారెక్టర్లకి ఇచ్చే కవచాలు అసలు కవచాల్లాగే ఉండట్లేదు, ఇది మారాలి. నేను ఆడిన చాలా గేముల్లో ఒకే ఐరన్ ఆర్మర్ మగ క్యారెక్టర్‌కి తొడిగితే మెడ నించి మడమ దాకా ఇనుమే, అదే ఆడ క్యారెక్టర్‌కి తొడగ్గానే పొట్టా తొడలూ బయటపడతాయి, భుజాల మీద మాత్రం పెద్ద పెద్ద రేకులు, డిఫెన్స్ నంబర్ (కవచం దెబ్బని ఎంత ఆపుతుందో గేమ్ చూపించే అంకె) చూస్తే ఇద్దరికీ ఒక్కటే. రొమ్ముల ఆకారంలో విడివిడిగా పోతపోసినట్టుండే ఛాతీ రేకు ఇంకా ఘోరం, యూరప్‌లో 15వ శతాబ్దంలో వాడిన ఛాతీ కవచం ఉబ్బెత్తుగా ఉండేది, దెబ్బ పడితే పక్కకి జారిపోవాలి కాబట్టి, మధ్యలో లోయ పెడితే కత్తి మొన జారి నేరుగా రొమ్ము ఎముక మీదకే వస్తుంది. పైగా లోపల మందపాటి మెత్తకోటు వేసుకునేవాళ్లు, ఇక ఒంటి ఆకారం పైకి ఎలా తెలుస్తుంది? ఫాంటసీయే కదా, డ్రాగన్లుంటే లేని తప్పు దీనికేంటి అంటారు, మరి ఆ ఫాంటసీ మగవాళ్ల కవచానికి ఎందుకు వర్తించదు? 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో, 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో ఎవరు తొడిగినా కవచం దాదాపు ఒకేలా ఉంటుంది, ఆ గేములకి ఆదరణేం తగ్గలేదు. అందమైన డ్రెస్సులు వద్దనట్లేదు, వాటిని విడిగా కాస్మెటిక్ స్లాట్‌లో, అంటే రక్షణతో సంబంధం లేకుండా చూడ్డానికి మాత్రమే తొడిగే బట్టల చోట్లో పెట్టి ఆడా మగా తేడా లేకుండా కావాల్సినవాళ్లు ఎంచుకునేలా చేయాలి, యుద్ధానికిచ్చే కవచం మాత్రం అందరికీ ఒకే డిజైన్‌లో రావాలి, గేమ్ రివ్యూలు రాసేవాళ్లు గ్రాఫిక్స్‌తో పాటు దీని గురించీ రాయాలి.