కోసే వేళ తెలిసిన పెరడు

రావులపాలెం,
కార్తీక మాసం.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ అమ్మా, నేనూ క్షేమంగా ఉన్నాము. హైదరాబాదులో నీ కర్రీ పాయింట్ నిలదొక్కుకుంటోందనీ, వెనకాల కాస్త మట్టి పెరడున్న ఇల్లు అద్దెకు దొరికిందనీ, అందులో ఏమేమి వేస్తే వంటకు పనికొస్తాయో చెప్పమనీ నువ్వు అడిగిన నాటి నుంచి ఈ ఉత్తరాన్ని మనసులో వ్రాసుకుంటూనే ఉన్నాను. ఫోనులో చెబితే సగం మాటలు నీ గరిటె చప్పుడులోనే కలిసిపోతాయని కాగితం మీద పెడుతున్నాను.

ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వండుతున్నవాడిగా ముందు ఒక్క మాట చెబుతాను. బజారులో కొనే కూరను పెరట్లో పండించి డబ్బు మిగుల్చుకోవాలని చూడకు. నీకు రోజూ కావలసినంత గోంగూర ఆ జానెడు నేలలో పండదు, పైగా కట్టలు కట్టి అమ్మే గోంగూరకు ఒక పూట ఆలస్యమైనంత మాత్రాన వచ్చే నష్టమూ లేదు; కనుక దాన్ని వేయనే వద్దు. ఏది కోసిన ఘడియలోనే వంటలో పడాలో, ఏ పువ్వు ఒక్క పూటకే విచ్చి ముడుచుకుంటుందో, వాటికే నీ పెరట్లో చోటివ్వు. బజారువాడు ఆకును అమ్మగలడు గాని, దాన్ని కోసే వేళను అమ్మలేడు.

అన్నిటికన్నా ముందు కరివేపాకు. పొయ్యి మీద నూనె పెట్టి, అది కాగేలోపు తుంచి తెచ్చుకున్న రెమ్మకూ, రెండు రోజులు గోనెసంచిలో నలిగిన రెమ్మకూ పోపులో వచ్చే వాసన ఒకటి కాదని నీకు నేను చెప్పనక్కరలేదు. అయితే కోయడంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: కింది ఆకులను దూసుకుంటూ పోతారు, దానితో మొక్క ఒంటి కర్రలా పైకి సాగి, చివర మాత్రమే నాలుగు ఆకులతో మిగులుతుంది. నువ్వు కొమ్మ కొసను తుంచు. అక్కడి నుంచి రెండు మూడు పక్క చిగుళ్ళు లేచి చెట్టు గుబురుకడుతుంది. పూమొగ్గలు కనబడినప్పుడు వాటినీ గిల్లేస్తే బలమంతా ఆకుకే పోతుంది. చలికాలంలో చిగురు మందగిస్తుంది, దానికి కంగారుపడి ఎరువు గుమ్మరించకు. మన ఇంట్లో చేసినట్టే అప్పుడప్పుడు పుల్లమజ్జిగలో నీళ్ళు కలిపి చెట్టు మొదట్లో పోస్తూ ఉండు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందినది కనుక నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు దీని మీదకూ వస్తాయి. వాటి పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల దగ్గరి నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. ఆ పురుగు కోసం మందు కొట్టావంటే ఆ మందు మరునాడు నీ కూరలోకి వస్తుంది. ఉదయం పూట ఆకులు తిప్పి చూసి, చేత్తో ఏరివేస్తే సరిపోతుంది.

కొత్తిమీరకు ఇదే అదను. ధనియం చూడటానికి ఒక్క గింజలా ఉన్నా అందులో రెండు విత్తనాలు ఉంటాయి. అరచేతుల మధ్య నలిపి రెండు బద్దలుగా చేసి, ఒక రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున వేస్తే 10 రోజులకు అటూ ఇటూగా మొలుస్తాయి. 40 రోజులకు కోతకు వస్తుంది. ఒకేసారి మడినంతా చల్లేసుకోకుండా పదిహేను రోజులకొక వరుస చొప్పున వేసుకో. మొలిచినదాన్ని పీకి మరోచోట నాటినా, ఎండలు ముదిరినా అది ఆకు మాని పూతకు వచ్చేస్తుంది. అలా పూసినప్పుడు విసుక్కోకు. ఆ తెల్లని చిన్న పువ్వులను పెరుగుపచ్చడి మీద చల్లి చూడు, ఆకుకన్నా సున్నితమైన పరిమళం వస్తుంది. పుదీనా సంగతి తేలిక: బజారు కట్టలోంచే నాలుగు గట్టి కాడలు తీసి నీళ్ళలో ఉంచితే వేళ్ళు పడతాయి, వాటిని విడిగా ఒక కుండీలో పెట్టు, నేలలో పెడితే పెరడంతా ఆక్రమించుకుంటుంది. వాము ఆకు ఒక కొమ్మ గుచ్చితే చాలు, దాని మానాన అది పెరుగుతుంది.

ఇక పువ్వుల దగ్గరకు వస్తాను. ఇప్పుడే ఒక గుమ్మడి విత్తు పాతిపెట్టి గోడ మీదికి పాకించు; పండగ నాటికి గొబ్బెమ్మ మీద పెట్టుకునే పువ్వైనా దక్కుతుంది. గుమ్మడిపాదుకు మగపువ్వులూ, ఆడపువ్వులూ వేరువేరుగా పూస్తాయి. మగపువ్వు సన్నని పొడుగాటి కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వుకు రేకుల కింద గుండ్రని చిన్న పిందె ఉంటుంది. వంటకు కోయవలసినవి మగపువ్వులే, అవి కూడా అన్నీ కాదు. తేనెటీగలు వాటి పుప్పొడిని ఆడపువ్వుకు చేరిస్తేనే పిందె నిలుస్తుంది. ఈ సంగతి తెలియక నేను చేసిన తప్పును నీకెన్నడూ చెప్పలేదు. నా పెళ్ళయిన కొత్తలో ఒక విందుకు గుమ్మడిపూల బజ్జీలు వేస్తానని గొప్పగా ఒప్పుకుని, మీ నాయనమ్మ ఎరువు వేసి పెంచిన పాదు మీది పువ్వులను, పిందెలున్నవాటితో సహా, వరుసగా వారం పాటు పూసినవి పూసినట్టు కోసేశాను. ఆ తర్వాత పాదు వట్టిపోయింది. నాయనమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. సంక్రాంతికి దప్పళంలోకి గుమ్మడికాయను సంతలో కొని, తానే నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతూనే ఉంటుంది.

ఈ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. పొద్దున్నే కోసి, లోపల చీమలు గాని, తేనెటీగ గాని లేవని చూసి, నడిమి కాడను గిల్లి, తడిగుడ్డలో చుట్టి నీడన పెడితే మధ్యాహ్నం వరకు నిలుస్తుంది. సాయంత్రం బజ్జీల వేళకు వాడిపోతుంది కనుక నీ కొట్టుకు దీన్ని పెసరపప్పు వేసిన కూరగా చేయడమే మేలని నా అభిప్రాయం. బజ్జీలు మాత్రం సెలవునాడు, పొద్దుటే, ఇంట్లోవాళ్ళకు వేసి పెట్టు.

అరటిపువ్వును కోయడంలో ఆ దిగులు లేదు. గెలకు హస్తాలన్నీ వేసిన తర్వాత కింద వేలాడే పువ్వును తీసివేస్తే కాయకు మేలే గాని కీడు లేదు, ఇక్కడి రైతులందరూ చేసేది అదే. ఒక్కొక్క చిరుపువ్వులోంచి గట్టి పుల్లనూ, పల్చని పొరనూ తీసివేయడానికి ఓపిక కావాలి. తరిగినది నల్లబడకుండా మజ్జిగలో వేస్తూ ఉండాలి. ఆవపెట్టిన అరటిపువ్వు కూర నీ కొట్టులో వారానికి ఒక్క రోజైనా ఉండాలని నా కోరిక. గోడ పక్కన ఒక అవిసె చెట్టుకు చోటుంచు. ఆ పువ్వు లోపలి కాడలో చేదు ఉంటుంది, దాన్ని తీసే వండాలి. మునగను మాత్రం ఇంటికి దూరంగా వేయి, దాని కొమ్మ పెళుసు. మునగపువ్వు చాలావరకు దానంతట అదే రాలుతుంది కనుక తెల్లవారకముందే కింద గుడ్డ పరిచి ఉంచితే కోయకుండానే కూరకు సరిపడా దొరుకుతుంది.

వేపపువ్వుదీ అదే పద్ధతి. ఏడాదికి కొద్ది వారాలే పూస్తుంది, ఉగాది పచ్చడికి వాడగా మిగిలినదాన్ని నీడన ఎండబెట్టి దాచుకున్నవారికే ఏడాది పొడుగునా చారు. చారులో వేసి మరిగించకు, మరిగితే చేదు ఎక్కుతుంది. చారు దింపిన తర్వాత పువ్వును నేతిలో ముదురు రంగు వచ్చేదాకా వేయించి పైన వేయి. శంఖుపువ్వు కూడా పెంచుతానన్నావు, పెంచు. దాని నీలం నీళ్ళలో నిమ్మరసం పడగానే ఊదారంగుకు తిరుగుతుంది, వేసవిలో షర్బత్‌కు బాగుంటుంది. రుచి మాత్రం దానికి లేదు, కూరలకు వాడవద్దు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. దేవుడికి పెట్టే పువ్వులన్నీ మనిషి తినేవి కావు. గన్నేరు ఆకూ, పువ్వూ గుండెను పట్టే విషం. ఉమ్మెత్త కూడా విషమే. గన్నేరు ఆకులు నమలడం వల్లనే ఒక యువతి చనిపోయిందన్న అనుమానంతో 2024 మే నెలలో కేరళలోని తిరువాన్కూరు దేవస్వం బోర్డు నైవేద్యంలోనూ, ప్రసాదంలోనూ ఆ పువ్వును వాడటం మానివేసింది. నీ పెరట్లో ఇదివరకటి అద్దెదారులు వేసిన గన్నేరు ఉంటే దాన్ని తీయించి, ఆ తర్వాతే మిగతావి నాటు. పూల బజారులో కొన్న గులాబీ, బంతి రేకులను కూడా అలంకరణకని కూరల మీద చల్లవద్దు. అవి తినడానికి పెంచినవి కావు, వాటి మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో మనకు తెలియదు.

బియ్యం, పప్పు కడిగిన నీళ్ళను మొక్కలకు పోస్తూ ఉండు. ఉప్పు కలిసినవీ, సబ్బు కలిసినవీ వద్దు.

రేపటి బస్సులో పార్సిల్ వేస్తున్నాను. అందులో మన చెట్టు మొదట్లోంచి వేళ్ళతో తవ్వి తీసిన రెండు కరివేపాకు పిలకలు, అవిసె చెట్టు గింజలు, మొన్నటి చైత్రంలో మీ అమ్మ ఏరి ఎండబెట్టిన వేపపువ్వు ఉంటాయి. పిలకల వేళ్ళకు చుట్టిన తడి గోనెను నాటేటప్పుడే విప్పు, వారం రోజులు నీడన ఉంచి ఆ తర్వాత ఎండకు జరుపు. ఒకవేళ ఒకటి బతకకపోయినా దిగులుపడవద్దు, ఇక్కడ చెట్టు మొదట్లో ఇంకా నాలుగు లేస్తున్నాయి.

ఆశీస్సులతో,
నాన్న