పార్సిల్‌లో పెట్టిన ఉత్తరం

అమ్మలూ,

కార్గోలో పార్సిల్ వేశాను. మాగాయ, కందిపొడి, కాస్త నెయ్యి ఉన్నాయి. సీసా మూత మీద మీ నాన్న టేపు చుట్టేశారు, కోసేటప్పుడు వేలు జాగ్రత్త. గౌరి ఈనింది, పెయ్యదూడ. జున్ను వండితే నువ్వు లేవని ఆయన ఒక ముక్కతో సరిపెట్టారు.

నీ ఒంట్లో సంగతి అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే మీటింగ్ అని పెట్టేస్తున్నావు, అందుకని రాస్తున్నాను. ఎలాగూ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, రైతుబజారులో హారిక వాళ్ళమ్మ కనిపించి "మీ అమ్మాయికి కడుపునొప్పి తగ్గిందా? స్కానింగ్‌లో సిస్ట్ అన్నారట కదా" అంది. నాకంతా తెలిసినట్టే తలూపి బెండకాయలు ఏరుకున్నాను. ఏం బెండకాయలో, ఇంటికొచ్చి చూస్తే సగం ముదురువే.

మన స్వాతి గైనిక్‌లోనే పీజీ చేస్తోందిగా, దానికి ఫోన్ చేశాను. నీ పేరు చెప్పలేదు, తెలిసినవాళ్ళ అమ్మాయి అన్నాను. అది నవ్వి, "సరే పిన్నీ, ఆ తెలిసినవాళ్ళ అమ్మాయికి చెప్పు" అని మొదలుపెట్టింది. నెలనెలా అండం తయారయ్యే చోటే ఒక్కోసారి నీటితిత్తి మిగిలిపోతుందట, దాన్నే సిస్ట్ అంటారట. చాలావాటికి మందు కూడా అక్కర్లేదు, రెండు మూడు నెలసరులు గడిచేసరికి వాటంతటవే కరిగిపోతాయట. 5 సెంటీమీటర్ల లోపుండి, లోపల నీరు తప్ప ఇంకేమీ లేకపోతే డాక్టర్లు సాధారణంగా దాని జోలికి పోరు, కొన్ని వారాలాగి మళ్ళీ స్కాన్ చేస్తారు. శిరీషకున్న పీసీఓడీ హార్మోన్ల తేడా, అది వేరు, ఇది వేరు. దాని మాటలు విని చక్కెర మానేసి కూర్చోకు. నీది ఎన్ని సెంటీమీటర్లో, ఏ వైపో రిపోర్టులో రాసుంటుంది. చదివావా అసలు?

ఇక్కడ డాబా మళ్ళీ కారుతోంది. మేస్త్రీ రేపంటాడు, మాపంటాడు. మీ నాన్న మోకాలికి నూనె రాస్తున్నాను, నడక మాత్రం మానడు.

సీత పిన్ని సంగతి నీకు పూర్తిగా తెలియదు. రాజా పెళ్ళికి ద్వారపూడి వెళ్ళాం, నువ్వింకా పుట్టలేదు. పొద్దున్నే బిందె ఎత్తబోయి కుడివైపు పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. గ్యాస్ అని వాము నీళ్ళు తాగించింది పెద్దత్త. అవి కక్కేసింది. నెలసరి ముందు అంతేలే అంది ఇంకొకావిడ. ఆర్ఎంపీ వచ్చి ఇంజెక్షన్ ఇస్తే కళ్ళు మూసుకుంది. తగ్గిపోయిందని అందరూ విందుకి కూర్చున్నారు. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందని మగపెళ్ళివారు గొడవ, దానికి రాఘవ మామయ్య అలిగి పందిట్లోంచి వెళ్ళిపోవడం, ఆయన్ని బతిమాలడం, వీటిలో పడి దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. అర్ధరాత్రి మళ్ళీ మొదలైంది. వాంతులు, ఒళ్ళంతా చెమట. అప్పటికి 108 లేదు, 2005లో కదా వచ్చింది. అలిగిన మామయ్యే పెళ్ళిబస్సు డ్రైవర్‌ని లేపాడు. అంత పెద్ద బస్సులో నలుగురం, రాజమండ్రి దాకా అది నా ఒళ్ళోనే పడుకుంది. తిత్తి బరువుకి అండాశయం తడిబట్ట పిండినట్టు మెలితిరిగిందట. రక్తం అందక నల్లబడిపోయింది, తీసేశారు. మెలి కాస్త సడలితే నొప్పి తగ్గుతుందనీ, అది తగ్గినట్టు కాదనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే తెచ్చి ఉంటే దక్కేదేమో అంది. పిన్ని పిల్లలు చిన్ని, బుజ్జి ఇద్దరూ ఆ తర్వాత పుట్టినవాళ్ళే, కాబట్టి భయపడకు.

భయపెట్టడానికి చెప్పడంలేదు. సన్నగా లాగుతుంటే వేడినీళ్ళ సంచి పెట్టుకో. మెఫ్టాల్ నొప్పిమాత్ర ఖాళీ కడుపుతో మింగకు. కానీ ఉన్నట్టుండి ఒకవైపు పొడిచినట్టు వచ్చి, దానితో వాంతి అయితే రెండో మాత్ర వేసుకుని చూద్దామనుకోకు. కళ్ళు తిరిగినా, చల్లటి చెమట పట్టినా, కడుపునొప్పితో భుజం కూడా లాగినా అంతే, తిత్తి పగిలి లోపల రక్తం కారుతుంటే అలా ఉంటుందట. జ్వరం తోడైనా ఆగకు. కుడివైపైతే అపెండిక్స్ కూడా కావచ్చు, అది తేల్చాల్సింది డాక్టర్లు, నువ్వూ హారికా గూగుల్ చూసి కాదు. రాత్రి రెండైనా 108కి ఫోన్ చెయ్యి. వార్డెన్ తిడితే నేను మాట్లాడతాను. స్కానింగూ ఆపరేషన్ థియేటరూ రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్ళు. ఇంకొకటి, నా నోటి వెంట ఈ మాట నువ్వెప్పుడూ విని ఉండవు, దారిలో ఏమీ తినకు, కాఫీ కూడా వద్దు. ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాలి.

యూరిన్ టెస్ట్ చేసి గర్భం ఉందేమో చూస్తారు. మొహం మాడ్చుకోకు. గర్భం ట్యూబులో నిలిచినా ఇలాంటి నొప్పే వస్తుంది కాబట్టి ఈ వయసు ఆడవాళ్ళందరినీ అడుగుతారు. ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్కడ నేనుంటే బయటికి పొమ్మను, పోతాను.

కాకరపర్రు సంబంధం వాళ్ళ చెవిన పడుతుందని దాచావా? పడనీ. స్కాన్ రిపోర్టు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు మనకెందుకు? మీ నాన్నకి నేను చెప్పలేదు. ఆయనకి తెలిసినట్టే ఉంది, మోకాలు నొప్పి అంటూనే హైదరాబాద్ రైళ్ళ టైములు చూస్తున్నారు.

ఆ జుంబా డాన్సులు కొన్నాళ్ళు ఆపు. గెంతొచ్చో లేదో మీ డాక్టర్ని అడిగి అప్పుడు గెంతు. రిపోర్టు ఫొటో తీసి స్వాతికి పంపు, నాకూ పంపు, అర్థం కాకపోయినా చూస్తాను. మళ్ళీ స్కాన్‌కి ఏ తేదీన రమ్మన్నారో చెబితే ముందురోజు బండెక్కుతాను. వద్దనకు, మీ నాన్న భోజనానికి పక్కింటి వాళ్ళతో మాట్లాడేశాను.

అమ్మ