పైపు పెట్టకుండానే పొల్యూషన్ పాస్

ఎడిటర్ గారికి నమస్తే,

నాది 2009 మోడల్ పెట్రోల్ కారు, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. 15 ఏళ్లు నిండితే గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ చేయించా. పోయినేడాది మైలేజీ 16 నుంచి 12కి పడిపోయింది, బండి వెనక నిలబడితే కళ్లు మంట, మా ఆవిడ గేటు తీసేటప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. సరిగ్గా అప్పుడే పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయిందని బంకు పక్కన వ్యాన్ దగ్గరికెళ్తే ఆ అబ్బాయి నంబర్ ప్లేటు ఫోటో తీశాడు, డబ్బులు తీసుకున్నాడు, కాగితం చేతిలో పెట్టాడు. సైలెన్సర్లో పొగ కొలిచే పైపు పెట్టనే లేదండీ! కాగితంలో మాత్రం కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, బీఎస్-3 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో మూడోది) పెట్రోల్ కారుకి లిమిట్ 0.5, అంటే నా బండి గంగాజలం అన్నమాట.

వారం తర్వాత షెడ్డులో నిజంగా మిషన్ పెట్టి చూస్తే 1.8 వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ పోయిందట. అది పోతే ఇంజిన్‌కి ఎంత పెట్రోల్ ఇవ్వాలో లెక్క తప్పుతుంది, ఎక్కువ తాగుతుంది, ఆ కాలీకాలని పెట్రోలు పోయి పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా పాడుచేస్తుంది, అలా ఒక చిన్న పార్టు నిర్లక్ష్యం చేస్తే ఖర్చూ పొగా రెండూ పెరుగుతూ పోతాయి. మెకానిక్ అయితే కన్వర్టర్ పీకేసి మామూలు పైపు వెల్డింగ్ చేస్తా సార్, కొత్తది చాలా అవుద్ది, పాతదానికి గిరాకీ ఉంది అన్నాడు (లోపల ప్లాటినం, పల్లాడియం ఉంటాయి మరి). వద్దన్నా. సెన్సర్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పిస్తే 0.4కి దిగింది, మైలేజీ 15.

నా పాత బండిని వెనకేసుకు రావట్లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లతో ఇది ఎంత ట్యూనింగ్ చేసినా సాటి రాదు. కానీ ఢిల్లీలో ఆమధ్య గీసినట్టు డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అని వయసు గీత గీస్తే, పొగలో మసిని పట్టే ఫిల్టర్ జామ్ అవుతోందని తీయించేసి మసి కక్కుతూ తిరిగే మూడేళ్ల డీజిల్ బండిని ఎవరు పట్టుకుంటారు? పాత బండ్లకి ఆర్నెల్లకోసారి, బీఎస్-4 నుంచి ఏడాదికోసారి టెస్టు అని రూల్ ఎలాగూ ఉంది, ఆ టెస్టేదో సరిగ్గా చేయించండి చాలు. పైపు పెట్టినప్పుడు రీడింగ్ బండి ఓనర్‌కి స్క్రీన్ మీద చూపించాలని రవాణా శాఖ వాళ్లు గట్టిగా చెప్పాలి.

మొన్న అదే వ్యాన్ దగ్గరికెళ్లి ఈసారి పైపు పెట్టి చూడు బాబూ అంటే, "అంత టైం లేదంకుల్, పక్క బంకు దగ్గరికెళ్లండి" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్